కంటిలోని రహస్యం ఎవరి సొత్తు?



మార్కు సువార్త 8వ అధ్యాయంలో ఒక చిన్న సంఘటన ఉన్నది. బేత్సయిదాలో కొందరు ఒక గ్రుడ్డివానిని యేసుప్రభువు వద్దకు తీసికొని వచ్చి, అతనిని తాకమని వేడుకొన్నారు. ప్రభువు అక్కడే, ఆ జనం మధ్యనే అతనికి చూపు ఇవ్వగలరు. కాని ఇవ్వలేదు. అతని చేయి పట్టుకొని ఊరి వెలుపలికి తీసికొని పోయారు. అక్కడ అతని కన్నులను తాకారు. ఏమైనా కనబడుతున్నదా అని అతనినే అడిగారు. మొదట మనుషులు నడిచే చెట్లవలె కనబడ్డారు. మరొకసారి తాకిన పిమ్మట చూపు తేటపడింది. అప్పుడు కూడ, ఊరిలోకి వెళ్లవద్దని చెప్పి ప్రభువు అతనిని ఇంటికి పంపారు.

పాతికేళ్లుగా ఈ సువార్త చదువుతున్నాను. ఎన్నోసార్లు దీనిపై ప్రసంగించాను. ప్రభువు తన మహిమను అప్పుడే చాటవద్దన్నారని పండితులు చెప్పే వివరణ నాకు తెలుసు, అది సరైనదే. కాని "ఊరి వెలుపలికి" అన్న మాట వద్ద నా మనసు ఎన్నడూ ఆగలేదు. గత సంవత్సరం మా విచారణలో జరిగిన ఒక సంగతి తరువాతనే ఆగింది. ఆ కుటుంబం అనుమతితో, ఆనవాళ్లు మార్చి, దానిని మీ ముందు ఉంచుతున్నాను.

మా దేవాలయ ఆవరణలో ఒక ఆదివారం ఉచిత కంటి వైద్య శిబిరం పెట్టించాము. పట్నం నుండి ఒక ఆసుపత్రి వారు వచ్చారు. శుక్లాలు చూశారు, కళ్లద్దాలు రాశారు, చిన్న కెమెరాతో కంటి లోపలి పొరను, అనగా రెటీనాను, ఫోటో తీశారు. సాయంత్రానికి నూట ఎనభై మంది కేసు షీట్లు బల్లమీద ఉన్నాయి, అన్నీ ఇంగ్లీషులోనే. మా యువతా సంఘంలో చురుకైన కుర్రవాడు ఒకడు నా దగ్గరకు వచ్చాడు. "ఫాదర్ గారూ, ముసలివాళ్లు ఈ ఇంగ్లీషు ఏం చదువుతారు? నా ఫోనులో ఏఐ యాప్ ఉంది. ఫోటో తీసి పెడితే చాలు, తెలుగులో రాసి ఇస్తుంది" అన్నాడు. "మంచి ఆలోచన బాబూ, కానియ్యి" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడ అదే.

రెండు గంటలలో అందరి రిపోర్టులూ తెలుగులో సిద్ధమయ్యాయి. వీధుల వారీగా ఇళ్లకు చేర్చడం సులభమని అతడు వాటిని ఒకే ఫైలుగా చేసి యువతా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రాత్రికల్లా ఆ ఫైలు గ్రూపు దాటిపోయింది.

అందులో ఒక అమ్మాయి రిపోర్టు ఉన్నది. డాక్టరు గారు ఆమె రెటీనా చూసి, రేచీకటితో మొదలయ్యే ఒక వంశపారంపర్య జబ్బు పేరు రాసి, దాని ముందు ప్రశ్నార్థకం పెట్టి, పెద్ద ఆసుపత్రిలో పరీక్ష చేయించమన్నారు. యంత్రం ఆ ప్రశ్నార్థకాన్ని వదిలివేసింది. ఆమెకు వంశపారంపర్యమైన కంటి జబ్బు ఉన్నదని, క్రమంగా చూపు పోతుందని చక్కని తెలుగులో రాసి పెట్టింది. ఆ అమ్మాయికి అప్పటికే సంబంధం కుదిరింది. మరుసటి ఆదివారం మొదటి వివాహ ప్రకటన చదవవలసి ఉన్నది. శనివారం నాడు అబ్బాయి తరఫువారు ఫోను చేసి ప్రకటన ఆపమన్నారు.

ఆ సాయంత్రం తల్లి వచ్చింది. నన్ను తిట్టలేదు. "గుడిలో పెట్టారు కదా అని ధైర్యంగా పంపాను స్వామీ. బయట ఎక్కడైనా అయితే నాలుగుసార్లు ఆలోచించేదాన్ని" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

కన్ను చెప్పేది ఎంత?

కన్ను దేహానికి దీపమని ప్రభువు పర్వత ప్రసంగంలో బోధించారు. ఆయన ఆత్మ విషయం చెప్పారు. నేటి వైద్యశాస్త్రం ఆ మాటను మరొక విధంగా మన ముందుకు తెచ్చింది. చర్మం కోయకుండా మనిషి రక్తనాళాలను తిన్నగా చూడగలిగిన చోటు కంటి లోపలి పొర. అందుకే షుగరు, రక్తపోటు వంటివి అక్కడ తమ గుర్తులను వదిలిపెడతాయి. 2016లో గూగుల్ శాస్త్రవేత్తలు, మదురై అరవింద్ కంటి ఆసుపత్రి, చెన్నై శంకర నేత్రాలయ వైద్యులతో కలిసి, షుగరు వలన రెటీనా దెబ్బతినడాన్ని యంత్రం గుర్తించగలదని చూపారు. ఇది గొప్ప మేలు. కంటి డాక్టరు అందుబాటులో లేని పల్లెలో ఎందరి చూపునో ఇది కాపాడగలదు. కనుక యంత్రం సైతాను పనిముట్టని నేను చెప్పబోవడం లేదు.

కాని 2018లో మరొక సంగతి బయటపడింది. 2,84,335 మంది రెటీనా చిత్రాలతో శిక్షణ పొందిన ఒక ప్రోగ్రాము, ఆ ఫోటోను మాత్రమే చూసి ఆ మనిషి స్త్రీయా, పురుషుడా, పొగ త్రాగుతాడా, రక్తపోటు ఎంత అన్నవి అంచనా వేసింది. వయసును సగటున మూడు, మూడున్నర ఏళ్ల తేడాతో చెప్పింది. అనుభవమున్న కంటి డాక్టర్లకు సైతం ఆ ఫోటోలో స్త్రీ పురుష భేదం కనబడదు. అనగా మనం కళ్లద్దాల కోసం కూర్చుంటాము. మన కన్ను మాత్రం మనం అడగనివి, మనకే తెలియనివి చెప్పివేస్తుంది.

"పేరు తీసివేస్తే సరిపోతుంది కదా" అంటారు కొందరు. రెటీనాలోని రక్తనాళాల అల్లిక ఒకరిది మరొకరికి ఉండదని 1935లోనే న్యూయార్కుకు చెందిన కార్లెటన్ సైమన్, ఇసడోర్ గోల్డ్‌స్టీన్ అనే వైద్యులు గమనించారు. కంటిలోని నల్లగుడ్డు చుట్టూ ఉండే ఐరిస్‌ను ఆధార్ నమోదులో గుర్తుగా తీసుకొనడం మనకు తెలిసినదే. పేరు చెరిపివేసినా కన్ను మిగిలే ఉంటుంది. బీరువా తాళం పోతే మరొకటి కొనవచ్చు. ఫోను పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు. కన్ను మార్చుకోలేము.

యంత్రం మాట నిలుపుకొంటుందా?

ఇప్పుడు వచ్చిన యంత్రాలు రోగాన్ని గుర్తించడంతో ఆగవు. అవి రాస్తాయి, అనువదిస్తాయి, బొమ్మలు గీస్తాయి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ రాకతో ఇవి మన ఇళ్లలోకి వచ్చేశాయి. లెక్కకు అందనంత రాతను, చిత్రాలను వాటికి చూపిస్తారు. ఏ మాట తరువాత ఏ మాట రావడం సహజమో నేర్చుకొని, అవి కొత్త వాక్యాన్ని అల్లుతాయి. తెలిసి చెప్పినా, తెలియక చెప్పినా ఒకే ధీమాతో చెబుతాయి. మా అమ్మాయి విషయంలో డాక్టరు గారి సందేహం నిశ్చయంగా మారినది ఇలాగే. వినయంతో పెట్టిన ఒక ప్రశ్నార్థకంలో ఎంత న్యాయం ఉన్నదో నాకు అప్పుడు తెలిసింది.

వైద్యరంగంలోనూ ఇవి పనిచేస్తున్నాయి. లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రితో కలిసి పరిశోధకులు 16 లక్షల రెటీనా చిత్రాలతో రూపొందించిన ఒక ప్రోగ్రామును 2023లో ప్రకటించారు. ఏ మనిషికీ చెందని రెటీనా బొమ్మలను యంత్రమే గీసి ఇస్తే, రోగుల ఫోటోలు వాడకుండానే పరిశోధన చేయవచ్చన్న ఆశ కూడ ఉన్నది. మంచి ఆశే. కాని బొమ్మలు సృష్టించే కొన్ని ప్రోగ్రాముల నుండి, శిక్షణకు వాడిన నిజమైన మనుషుల ఫోటోలను దాదాపు ఉన్నవి ఉన్నట్లే బయటికి రాబట్టవచ్చని 2023లో పరిశోధకులు చూపారు. కొత్తగా గీసిందనుకొన్నది ఒక్కొక్కసారి జ్ఞాపకం నుండి తీసి ఇచ్చినదే కావచ్చు.

తాళాలు కూడ ఊడుతుంటాయి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపై దుండగులు దాడిచేస్తే, సుమారు రెండు వారాలు అంతటి ఆసుపత్రి చేతిరాతతో నడిచింది. 2023 మార్చిలో చాట్‌జీపీటీలో వచ్చిన ఒక లోపం వలన కొందరికి ఇతరుల సంభాషణల శీర్షికలు కనబడ్డాయి. పెద్దవారికే ఇలా జరిగినప్పుడు ఉచితంగా దొరికే యాప్ మాట ఏమిటి? అనేక ఉచిత యాప్‌లలో, మనం ప్రత్యేకించి వద్దనకపోతే, మనం పెట్టినది దానికి పాఠంగా మారవచ్చు. వాట్సాప్ గ్రూపులోని ఫైలును మేము తీసివేశాము. యాప్‌లో పెట్టిన వాటినీ చెరిపివేశాము. అయినా ఆ నూట ఎనభై మంది రిపోర్టులు ఇక ఎక్కడా లేవని నేను ప్రమాణం చేసి చెప్పలేను.

ఇక్కడ ఒక భేదాన్ని గ్రహించాలి. భద్రత వేరు, విశ్వాసపాత్రత వేరు. ఇనుప పెట్టెకు భద్రత ఉంటుంది. అది రహస్యాన్ని కాపాడుతున్నదని మనం వాడుకగా అంటాముగాని, నిజానికి దానికి ఆ రహస్యం ఎవరిదో తెలియదు. చెప్పగలిగి ఉండి, చెప్పాలనిపించి కూడ, ఎదుటి మనిషి మీద గౌరవంతో నోరు మూసుకొనడమే రహస్యాన్ని కాపాడడం. అది సంకల్పం ఉన్నవారే చేయగల నైతిక క్రియ. యంత్రానికి సంకల్పం లేదు. అది పాపం చేయలేదు, పశ్చాత్తాపపడలేదు, ఆ తల్లి ముందు తలదించుకోలేదు. కనుక దేనినీ దానికి "నమ్మి అప్పగించడం" కుదరదు. దాని వెనుక పేరున్న ఒక మనిషి జవాబుదారీగా నిలబడాలి. మా శిబిరంలో ఆ మనిషిని నేనే అయి ఉండవలసింది.

అప్పగింత రహస్యం

గురువిద్యాలయంలో మాకు నైతిక వేదాంతం బోధించినప్పుడు రహస్యాలు మూడు విధాలని నేర్పారు. బయటపెడితే ఎదుటివారికి హాని కలుగుతుంది కనుక దాచవలసినది సహజ రహస్యం. తెలిసిన తరువాత ఎవరికీ చెప్పనని మాట ఇచ్చినది వాగ్దాన రహస్యం. దాస్తారన్న నమ్మకం మీదనే చెప్పినది అప్పగింత రహస్యం. వైద్యునికి, న్యాయవాదికి చెప్పేది ఈ మూడవది. అన్నిటికంటె బరువైనది ఇదే. ఉద్యోగరీత్యా తెలిసిన రహస్యాలను కాపాడాలని శ్రీసభ సత్యోపదేశం 2491వ సంఖ్యలో వైద్యులను పేర్కొనే చెబుతున్నది. తన ఏకాంతాన్ని కాపాడుకొనే హక్కు ప్రతి ఒక్కరికీ ఉన్నదని, దానికి భంగం కలిగించరాదని శ్రీసభ చట్టం 220వ నిబంధన అంటున్నది. పాపసంకీర్తన ముద్ర వీటన్నిటికంటె పైనిది, దానికి మినహాయింపే లేదు. అయినా రెండింటికీ మూలం ఒక్కటే. మనిషి అంతరంగం దేవుని ఎదుట ఉన్న స్థలం. పిలవనిదే అందులోకి ఎవరూ అడుగుపెట్టరాదు.

2025 జనవరిలో కృత్రిమ మేధపై వాటికన్ వెలువరించిన "ఆంతీక్వా ఎత్ నోవా" పత్రం కూడ ఏకాంతాన్ని మనిషి అంతరంగ జీవితపు హద్దుగా చూస్తున్నది. మన సర్వోన్నత న్యాయస్థానం 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పులో దానిని ప్రాథమిక హక్కుగా ప్రకటించింది.

ఇప్పుడు మీలో కొందరికి కలిగే సందేహాలకు వస్తాను.

"మనకు దాచుకొనడానికి ఏముంది? తప్పు చేసినవారికే కదా రహస్యాలు" అంటారు. జబ్బు తప్పు కాదు. అయినా ఆ అమ్మాయి దానికి శిక్ష అనుభవించింది. మనం తలుపు వేసుకొని స్నానం చేసేది నేరం చేస్తున్నామని కాదు.

"ఉచితంగా చూశారు. బదులుగా ఫోటోలు ఉంచుకొంటే, పరిశోధనకు వాడుకొంటే తప్పేమి?" ఇది బరువైన ప్రశ్న. ఆ పరిశోధన వలన రేపు వేలమందికి చూపు రావచ్చు. తన కన్నులను మరణానంతరం దానం చేసే క్రైస్తవుడు తన కంటి ఫోటోను దానం చేయలేడా? చేయగలడు, చేయడం పుణ్యమే. కాని దానం అనాలంటే అడగాలి. బర్తిమయి గ్రుడ్డివాడని అందరికీ తెలుసు. అయినా, నేను నీకు ఏమి చేయాలని కోరుతున్నావని ప్రభువు అతనిని అడిగారు. చదవలేని ఇంగ్లీషు కాగితం మీద, క్యూలో నిలబెట్టి వేయించిన వేలిముద్ర అంగీకారం కాదు. వేయనంటే కళ్లద్దాలు రావేమోనన్న భయంతో వేసినది అసలే కాదు. పేదవాని వద్ద డబ్బు తీసికోకుండా అతని రహస్యాన్ని తీసికొంటే అది ఉచిత సేవ ఎట్లవుతుంది?

మూడవ సందేహం నన్ను ఎక్కువగా బాధపెట్టినది. మా విచారణ పెద్ద ఒకరు అడిగారు: "ఫాదర్ గారూ, అబ్బాయి వైపువారికి తెలియవద్దా? దాచి పెళ్లి చేస్తే మోసం కాదా?" అవును, మోసమే. దాంపత్య జీవితాన్ని తీవ్రంగా దెబ్బతీయగల విషయాన్ని, సమ్మతి రాబట్టడానికి కపటంతో దాచిపెడితే ఆ వివాహమే చెల్లదని శ్రీసభ చట్టం 1098వ నిబంధన చెబుతున్నది. కాబట్టి నిజం చెప్పవలసిన బాధ్యత ఉన్నది. కాని ఎవరికి? ఆమెకు. ఎప్పుడు? సందేహం తీరి, ఆమెకు తెలిసిన తరువాత. ఎవరితో? తాను చేపట్టబోయే వానితో. ఆమె అతని ఎదుట కూర్చుండి, "నాకు ఇట్లా ఉందంటున్నారు, నీవు ఆలోచించుకో" అని చెప్పి ఉంటే, అది వారి ప్రేమలో మొదటి సత్యవాక్యం అయ్యేది. అతడు ఏ జవాబు ఇచ్చినా ఆమె తల ఎత్తుకొనే ఉండేది. మేము ఆమె నుండి ఆ ఘడియను దోచుకొన్నాము. నిజాన్ని సైతం దొంగిలించవచ్చునని, దొంగిలించిన నిజం అబద్ధమంత గాయం చేస్తుందని ఆ రోజు నేర్చుకొన్నాను.

మరి ఆ కుర్రవాని సంగతి? అతని ఉద్దేశం మంచిది. కాని ఒక పని మంచిది కావాలంటే చేసిన క్రియ, ఉద్దేశం, పరిస్థితులు మూడూ సరిగా ఉండాలని మనం నేర్చుకొన్నాము. తనది కానిదానిని అతడు పంచిపెట్టాడు. వద్దనవలసిన పెద్దవాడు శభాష్ అన్నాడు. అతడు ఆ ఇంటికి వెళ్లి ఏడ్చి క్షమాపణ కోరాడు. నేనూ వెంట వెళ్లి కోరాను.

మనం చేయవలసినది

మీ ఇంటిలోని వైద్య రిపోర్టులను ఉచిత యాప్‌లలో పెట్టకండి. అర్థం కాకపోతే ఆసుపత్రిలోని నర్సునో, తెలిసిన డాక్టరునో అడగండి. తప్పనిసరి అయితే పేరు, ఊరు, ఫోను, ఆధార్ నంబర్లు తీసివేసి, జబ్బు పేరును గురించి మాత్రమే అడగండి. వచ్చిన జవాబును డాక్టరుకు చూపనిదే నమ్మకండి. కంటి ఫోటోను అసలే పెట్టకండి. పిల్లల విషయంలో మరింత జాగ్రత్త. వారి కన్ను జీవితాంతం వారితోనే ఉంటుంది.

కంటి ఆసుపత్రిలో ఫోటో తీసేటప్పుడు మర్యాదగా నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ ఫోటో ఎక్కడ ఉంటుంది? యంత్రం చూస్తుందా, డాక్టరు కూడ చూస్తారా? వేరే సంస్థకు ఇస్తారా? నేను వద్దంటే నా వైద్యం ఆగుతుందా? ఇలా అడగడం అమర్యాద కాదు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అంగీకారం స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలంటున్నది. నోటీసును తెలుగులో చదివే వీలు కల్పించాలని, ఇచ్చినంత సులభంగా అంగీకారాన్ని వెనుకకు తీసికొనే వీలుండాలని కూడ అంటున్నది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తరువాత అమలయ్యేలా గడువు పెట్టారు. చట్టం అమలయ్యేదాకా మనస్సాక్షి ఆగనక్కరలేదు.

ఇక విచారణలలో శిబిరాలు పెట్టే గురువులకు, కన్యస్త్రీలకు, సంఘ పెద్దలకు నా మనవి. శిబిరాలు మానవద్దు. మా విచారణలో మేము మానలేదు. ఇప్పుడు పరీక్ష బల్లకు తెర కట్టాము. అంగీకార పత్రం తెలుగులో ఉంటుంది, చదువురాని వారికి ఒక సిస్టర్ గారు చదివి వినిపిస్తారు. పరిశోధనకు ఫోటో ఇవ్వనన్నవారికీ అవే కళ్లద్దాలు. ఫోనులో కేసు షీట్లు ఎవరూ తీయరు. ఎవరి కాగితం వారి చేతికే ఇస్తాము. ఆ కుర్రవాడే ప్రతి ముసలివారి పక్కన కూర్చుండి నెమ్మదిగా చదివి చెబుతున్నాడు. రెండు గంటల పనికి ఇప్పుడు రెండు రోజులు పడుతున్నది. ఫరవాలేదు.

తోబీతు గ్రంథంలో ముసలి తోబీతు కన్నులకు మందు తెలిపినది రఫాయేలు దూత. పని ముగించి వెళ్లబోతూ ఆ దూత తండ్రీ కొడుకులను పక్కకు పిలిచి, దేవుని కార్యాలను చాటమని, రాజు రహస్యాన్ని మాత్రం దాచడం మేలని చెప్పాడు. కంటికి మందిచ్చిన దూతే రహస్యాన్ని గురించి కూడ బోధించాడు. జ్ఞానస్నానం పొందిన ప్రతి వ్యక్తీ క్రీస్తు రాజరికంలో పాలు పొందినవారే. కనుక కూలికి పోయే తల్లి కంటిలోని రహస్యం కూడ రాజు రహస్యమే.

ఆ అమ్మాయి పరీక్ష ఫలితం ఏమి వచ్చింది, ఆ సంబంధం ఏమయింది అని మీలో చాలామంది మనసులో అడుగుతూ ఉంటారు. నాకు తెలుసు. కాని చెప్పను. అది ఆమె సొత్తు. ఆమె కోసం, ఆమె తల్లి కోసం, పునీత లూసియమ్మ వేడుదలను కోరుతూ ఈ వారం ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం చెప్పండి. వైద్యుని ముందు కన్ను తెరిచే ప్రతి పేదవానిని ప్రభువు తన చేయి పట్టుకొని ఊరి వెలుపలికి నడిపించునుగాక.